అతిథిగా వెళ్లిన ఊళ్లో చాకిరీయా, సేవా?

ఈ సంచికలో జవాబులిస్తున్న ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద వచ్చాయి. చదువు కోసం పరదేశం వెళ్లిన మన పిల్లలు అక్కడి ఊళ్లలోను, చదువు కోసం ఇటు వచ్చిన విదేశీ పిల్లలు మన ఊళ్లలోను చేసే స్వచ్ఛంద సేవ గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలివి. ఉత్తరాలను కొంత కుదించాను. పేర్లు వేయవద్దని ఎక్కువ మంది కోరినందువల్ల అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో నడిచే కెన్నెడీ-లూగర్ యస్ కార్యక్రమానికి ఎంపికై, ఏడాది చదువు కోసం ఆగస్టులో వెళ్లి అక్కడ ఒక కుటుంబంతో ఉంటోంది. శనివారం ఫోన్ చేస్తే ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దుతున్నానంటుంది, ఆదివారం చేస్తే వృద్ధాశ్రమంలో ఉన్నానంటుంది. తిన్న కంచం కూడా తీయనివ్వకుండా పెంచిన పిల్ల ఊరుకాని ఊళ్లో చాకిరీ చేస్తోందని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంటోంది. మన దగ్గర వాలంటీర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనమైనా ఇచ్చేవారు, అక్కడ అదీ లేదట. ఇది బలవంతపు పని కాదా? వీసాకు ఇబ్బంది రాదా?
— ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ అమ్మగారి బాధతోనే మొదలుపెడతాను. మీ వీధిలో పెళ్లి జరిగినప్పుడు ఎంత కలవారి పిల్లలైనా నడుముకు తువ్వాలు చుట్టుకుని బంతిలో వడ్డనకు దిగడం ఆమె ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఉభాల రోజుల్లో ఒకరి మడిలోకి ఒకరు దిగి నాట్లు వేసి రావడమూ ఆమెకు తెలియనిది కాదు. వీటిని చాకిరీ అని ఎవరూ అనరు సరికదా, వడ్డనకు లేవకుండా కుర్చీలో కూర్చున్న వాడినే చుట్టపుచూపుగా వచ్చాడని పక్కకు తిరిగి నవ్వుకుంటారు. మీ అమ్మాయి ఆ ఊళ్లో చుట్టపుచూపు దాటి వడ్డన వరుసలోకి వచ్చిందని ఆమెకు చెప్పి చూడండి.

వేతనం మాట మీకు తోచడం సహజమే. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో సుమారు 50 ఇళ్లకు ఒకరిని పెట్టి గౌరవ వేతనం ఇవ్వడంతో, ఆ మాట వినగానే అదొక చిన్న ఉద్యోగమని మన చెవులు అలవాటు పడిపోయాయి. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ అనవసరం. మిగతా ప్రపంచంలో మాత్రం ప్రతిఫలం ఆశించకుండా తన ఇష్టంతో పనికి వచ్చేవారినే వాలంటీర్ అంటారు.

నిజానికి ఈ విద్యార్థుల మార్పిడి అనే ఏర్పాటు కొంతవరకు అలాంటి వారి చేతుల మీదుగానే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు యుద్ధభూముల నుంచి క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చడానికి అమెరికా యువకులు కొందరు స్వచ్ఛందంగా అంబులెన్సులు నడిపారు, ఆ దళం పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండో యుద్ధంలోనూ అదే పని చేసిన ఆ దళంవారు, యుద్ధం ముగిశాక, ఒక దేశపు పిల్లలు ఇంకొక దేశపు ఇళ్లలో కొంతకాలం పెరిగితే రేపు ఒకరి మీద ఒకరు తుపాకి ఎత్తడానికి వెనకాడతారన్న నమ్మకంతో 1947లో హైస్కూలు విద్యార్థుల మార్పిడిని మొదలుపెట్టారు. ఏ.ఎఫ్.ఎస్. పేరుతో ఇవాళ నడుస్తున్న సంస్థ అదే. మీ అమ్మాయి వెళ్లిన కార్యక్రమం 2001 సెప్టెంబరు దాడుల తరువాత, 2002లో, ఇద్దరు సెనేటర్ల చొరవతో ఏర్పడింది. అందులో చదువుతో పాటు సమాజసేవను కూడా ఒక భాగంగానే చూస్తారు.

మీరు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. మీ అమ్మాయికి గది ఇచ్చి, అన్నం పెట్టి, బడికి దింపి తీసుకువస్తున్న ఆ కుటుంబానికి అద్దె గాని, జీతం గాని ఎవరూ ఇవ్వడం లేదు. ముక్కూ మొహం తెలియని పిల్లను ఏడాది పాటు ఇంట్లో పెట్టుకున్న వాళ్లే మీ ఇంటికి సంబంధించిన మొదటి స్వచ్ఛంద సేవకులు. ఆ లెక్కలో చూస్తే మీ అమ్మాయి శనివారం పూట సర్దే డబ్బాలు చాలా తక్కువే.

బలవంతమా అని అడిగారు. ఈ అలవాటు అతిథుల కోసం ప్రత్యేకంగా పెట్టింది కాదు. మేరీలాండ్ రాష్ట్రంలో అక్కడి సొంత పిల్లలే 75 గంటల సేవ పూర్తి చేస్తే గాని హైస్కూలు పట్టా చేతికి రాదు, పొరుగున కెనడాలోని అంటారియోలో ఆ లెక్క 40 గంటలు. జనవరి మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు దినాన్ని 1994లో చట్టం చేసి సేవాదినంగా ప్రకటించారు. ఆ రోజు తోటి పిల్లలంతా పార్కు శుభ్రం చేయడానికో, ఆహార పొట్లాలు కట్టడానికో వెళుతుంటే మీ అమ్మాయి ఒక్కతే గదిలో కూర్చోవడం ఆమెకే బాగుండదు. ఫుడ్ బ్యాంకు అన్నది కూడా అలాంటి పనే. అమ్ముడుపోకుండా మిగిలిన, ఇంకా తినడానికి పనికివచ్చే ఆహారాన్ని సేకరించి లేనివారికి చేర్చే ఈ పద్ధతి 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో మొదలై దేశమంతా పాకింది. డబ్బాల మీది తేదీలు చూసి వేరు చేసి పెట్టెల్లో సర్దడమే అక్కడ పిల్లలకిచ్చే పని. అందులో నామోషీ ఏమీ లేదు. అంత సంపన్న దేశంలోనూ తిండికి వరుసలో నిలబడేవారు ఉన్నారన్న సంగతి పాఠ్యపుస్తకంలో చదవడం వేరు, ఆ పెట్టెను వారి చేతికి అందించడం వేరు.

వీసా విషయం సూటిగా చెబుతాను. మీ అమ్మాయిది హైస్కూలు విద్యార్థులకిచ్చే జె-1 వీసా. దాని మీద పూర్తికాలపు ఉద్యోగం గాని, రోజూ కొన్ని గంటల ఉద్యోగం గాని చేయకూడదు. ఎప్పుడో ఒకసారి పొరుగింటి పసిపిల్లను చూసుకున్నందుకో, పెరట్లో గడ్డి కోసినందుకో నాలుగు డాలర్లు ఇస్తే తీసుకోవచ్చు. లాభాపేక్ష లేని సంస్థలో జీతం లేకుండా చేసే సేవకు అడ్డు లేదు. లాభం కోసం నడిచే దుకాణంలోనో, హోటల్లోనో ‘సేవ’ పేరుతో పని చేయించడం మాత్రం సేవ కాదు, అక్కడి కార్మిక చట్టం కూడా దానిని ఒప్పుకోదు.

అందువల్ల మీరు ఫోన్లో అడగవలసిన ప్రశ్నలు మారాలి. ఎవరి కోసం పని చేస్తున్నావు, ఎన్ని గంటలు, వద్దంటే ఊరుకుంటారా అని అడగండి. ఆతిథ్య కుటుంబంలో గిన్నెలు కడగడం, చెత్త బయట పెట్టడం వంటివి ఆ ఇంటి పిల్లలతో సమానంగా వంతుల వారీగా చేస్తుంటే అది ఇంటి పని, దానిని ఇటు సేవలోనూ అటు చాకిరీలోనూ వేయకండి. ఆ ఇంటివారి సొంత వ్యాపారంలో నిలబెట్టడమో, రోజూ సాయంత్రం వారి పసిపిల్లల బాధ్యతంతా ఆమె మీదే పెట్టడమో జరిగితే మాత్రం అది తప్పు. ప్రతి విద్యార్థితోనూ నెలకొకసారైనా మాట్లాడవలసిన స్థానిక సమన్వయకర్త ఒకరు ఉంటారు. ఆ మనిషి పేరు, నంబరు మీ దగ్గర రాసి ఉంచుకోండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అలాంటిదేమీ కనబడలేదు.

వృద్ధాశ్రమం మాట మీరు ఒక్క వాక్యంలో దాటవేశారు గాని, నాకైతే అదే ఎక్కువ నచ్చింది. తోటి పిల్లలు హడావుడిగా మాట్లాడే ఇంగ్లీషు అర్థం కాక మన పిల్లలు మొదటి మూడు నెలలు మూగబోతారు. ముసలివారు నెమ్మదిగా మాట్లాడతారు, చెప్పిందే మళ్లీ చెబుతారు, వినేవాళ్లు దొరికితే వదలరు. భాష పట్టుబడడానికి అంతకంటే మంచి బడి లేదు. మీ అమ్మగారి వయసు వారే కదా అక్కడ ఉన్నది, ఒకరోజు వీడియో కాల్లో వాళ్లకీ ఈమెకీ మాట కలపమని మీ అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: నేను ఇంగ్లండులో మాస్టర్స్ చదువుతున్నాను. ఊరు పలాస. వారానికి రెండు పూటలు ఒక చారిటీ షాపులో (విరాళంగా వచ్చిన వస్తువులు అమ్మి సేవకు డబ్బు కూర్చే దుకాణం) జీతం లేకుండా పని చేస్తున్నాను. ఇది కూడా 20 గంటల పరిమితిలోకి వస్తుందనీ, పార్ట్‌టైమ్ ఉద్యోగంతో కలిస్తే వీసా పోతుందనీ తోటి వాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి

జవాబు: సగం నిజం. బ్రిటన్ నిబంధనలు జీతం లేని పనిని రెండు రకాలుగా విడదీస్తాయి. ఒప్పందం ఏమీ లేకుండా, రాకపోతే అడిగే హక్కు ఎదుటివారికి లేకుండా, దారి ఖర్చులు, మధ్యాహ్న భోజనం వంటి అసలు ఖర్చులు తప్ప మరేమీ పుచ్చుకోకుండా స్వచ్ఛంద సంస్థకు సాయపడితే అది వాలంటీరింగ్. అది మీ 20 గంటల్లోకి రాదు. అలా కాకుండా, ఫలానా రోజు ఫలానా గంటకు రావాలన్న కట్టుబాటు రాతలోనో, మాటలోనో ఉండి, జీతం బదులు వస్తువులో, ఇతర ప్రయోజనాలో అందుతుంటే దానిని ‘వాలంటరీ వర్క్’ అంటారు. అది ఉద్యోగంతో సమానం కాబట్టి, డిగ్రీ స్థాయి, ఆపై చదువుల వారికి చదువు నడిచే రోజుల్లో వారానికి ఉన్న 20 గంటల్లో కలిపి లెక్కించాలి. వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. చాలామంది చిక్కుల్లో పడేది ఈ ఏడు రోజుల లెక్క సరిగా చూసుకోకనే.

రెండు మాటలూ చెవికి ఒకేలా వినబడుతున్నందువల్ల దుకాణం మేనేజరు నోటిమాట మీద ఆధారపడవద్దు. మీ చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారో దాని ప్రతి తీసుకుని, మీ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే కార్యాలయంలో చూపించండి. ఇక పిల్లల మధ్యగాని, నిస్సహాయులైన పెద్దల మధ్యగాని సేవ చేయదలిస్తే నేరచరిత్ర లేదన్న డి.బి.ఎస్. తనిఖీ అడుగుతారు. అలాంటి సేవ చేసే వాలంటీర్లకు ఆ తనిఖీకి ప్రభుత్వ రుసుము ఉండదు కాబట్టి ఎవరైనా డబ్బు కట్టమంటే అది దేనికో ముందు అడగండి.

ప్రశ్న: మా కళాశాల ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) విభాగం ఈసారి ఏడు రోజుల ప్రత్యేక శిబిరాన్ని ఉద్దానంలోని ఒక పల్లెలో పెడుతోంది. విశాఖలో చదువుతున్న విదేశీ విద్యార్థులు ఆరుగురు తామూ వస్తామన్నారు. కిడ్నీ వ్యాధి మీద సర్వే చేస్తామనీ, ఫొటోలతో ప్రదర్శన పెడతామనీ ఉత్సాహంగా ఉన్నారు. వారికి ఏ పని అప్పగించాలి?
— ఒక ప్రోగ్రాం అధికారి, టెక్కలి ప్రాంతం

జవాబు: రానివ్వండి. సర్వే మాత్రం వద్దు. ఉద్దానంలో ఈ వ్యాధికి అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. దేశ విదేశాల పరిశోధక బృందాలు ఏళ్ల తరబడి వచ్చి రక్తం, మూత్రం, నీరు, మట్టి అన్నీ పట్టుకెళ్లాయి. ఫలితం ఏమైందో తమకు చెప్పిన వాడు లేడన్న మాట ఆ పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినబడుతుంది. ఆ విసుగు మీదికి ఇంకొక ప్రశ్నపత్రం పట్టుకుని కొత్త ముఖాలు వెళ్లడం మర్యాద కాదు. రోగుల వివరాలు సేకరించడానికి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి కావాలి, అది శిబిరం స్థాయిలో దొరికేది కాదు. డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి ఫొటో తీయడం ప్రదర్శనకు అందంగా ఉండవచ్చు గాని, ఆ మనిషి కూతురికి రేపు సంబంధం చూడాలి కదా!

నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలను పడగొట్టిన కొద్ది వారాలకు, ఒక సంస్థ వారు పరదేశపు విద్యార్థులను కొందరిని ఒక పల్లెకు తీసుకువచ్చారు. నేను దారి చూపడానికి వెంట వెళ్లాను. పిల్లలు మంచివారు, ఎండలో నిలబడి మూడు రోజులు బడి గోడలకు రంగులు వేసి, సీతాకోకచిలుకల బొమ్మలు గీశారు. ఆ బడికి అంతకుముందే సున్నం కొట్టి ఉంది. ఊరివారికి అప్పుడు కావలసినది కూలిన కొబ్బరి చెట్ల మొద్దులు తోటల్లోంచి లాగి పడవేసే చేతులు. మళ్లీ మొక్క పెడితే కాపు రావడానికి అయిదారేళ్లు పడుతుంది కాబట్టి నేల ఎంత తొందరగా ఖాళీ అయితే అంత మేలు. ఆ మాట ఊరివారిని ఎవరూ అడగలేదు, వచ్చినవారికి ఎవరూ చెప్పలేదు, తెలిసి కూడా నోరు మెదపని వారిలో నేనూ ఉన్నాను. ఒక ముసలాయన మాత్రం గోడ వంక చూసి, ‘బొమ్మలు బాగున్నాయి బాబూ’ అని తోటకేసి నడిచాడు.

కాబట్టి శిబిరానికి పది రోజుల ముందే మీరొక్కరే వెళ్లి సర్పంచిని, బడి ప్రధానోపాధ్యాయుణ్ణి, ఆశా కార్యకర్తను, తోట పని తెలిసిన నలుగురు రైతులను కూర్చోబెట్టి ఏ పని మిగిలిపోయిందో అడగండి. కాలువ పూడిక తీయడం కావచ్చు, బడి తోట కావచ్చు, హిరమండలం నుంచి వంశధార నీరు పైపుల్లో వస్తున్నా పాత బోరు నీరే వాడుతున్న ఇళ్లకు ఆశా కార్యకర్త వెంట తిరగడం కావచ్చు. ఊరు సముద్రం ఒడ్డునే ఉండి, శిబిరం జనవరి తరువాత పడితే, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కాపలాకు అటవీశాఖ సిబ్బందితో రాత్రి నడకకు వెళ్లవచ్చు. అక్కడ సిబ్బంది చెప్పినట్టే నడవాలి, టార్చి వెలుగులు, ఫ్లాష్ ఫొటోలు కూడదు.

ఆరుగురినీ ఒక గుంపుగా ఉంచకండి. ఒక్కొక్కరికి మీ విద్యార్థి ఒకరిని జతగా పెట్టండి, ఇద్దరికీ ఒకే పార ఇవ్వండి. 1969లో మొదలైన ఎన్.ఎస్.ఎస్.లో విద్యార్థికి రెండేళ్లలో 240 గంటల సేవ అన్న లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు గాని, ఆ గంటలు మీ పిల్లలవి. అతిథుల ముచ్చట చూస్తూ వాళ్ల పని పక్కన పడకూడదు. వచ్చేవారికి వారం ముందే ఓ యాభై తెలుగు మాటలు నేర్పించండి. ఈ జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవరల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, ఆ తరువాతే సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఏడు రోజులకు అంత పట్టుదల అక్కరలేదు, అంబలి పోసిన అమ్మతో ‘చాలమ్మా’ అనగలిగితే చాలు.

కాగితాల పని కూడా మరవకండి. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారులకు ఆ సంగతి తెలియజేయాలి. ఊరి బడిలో పడుకోబెట్టినా ఇది తప్పదు. వారి విశ్వవిద్యాలయం నుంచి లిఖితపూర్వక అనుమతి తెప్పించుకుని, స్థానిక పోలీసు స్టేషనులో ముందుగానే ఒక ప్రతి ఇవ్వండి.

ప్రశ్న: ఏడాది మార్పిడి కార్యక్రమంలో ఇటలీ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి మా ఇంట్లో ఉంటోంది. పురపాలక బడిలో ఇంగ్లీషు చెబుతానని ముచ్చటపడి వెళ్లింది. రెండు వారాలకే, పిల్లలు మాట వినకుండా నవ్వుతున్నారని ఏడుస్తూ వచ్చింది. మానిపించమంటారా?
— ఒక గృహిణి, విజయనగరం

జవాబు: మానిపించకండి, స్థానం మార్చండి. ఇంగ్లీషు ఆ అమ్మాయి మాతృభాష కాదు, బోధన ఆమెకు తెలిసిన విద్య కాదు, వయసా పదిహేడు. నలభై మంది పిల్లల ముందు అలా ఒంటరిగా నిలబడితే మన బి.ఎడ్. చదివిన వారికే కాళ్లు వణుకుతాయి. టీచరు క్లాసులో ఉండగా వెనక బెంచీలో కూర్చుని, చదవడంలో వెనకబడిన నలుగురైదుగురి పక్కన ఉండి వారితో బొమ్మల పుస్తకం చదివించమనండి. ఆ నలుగురూ ఆమెకు తెలుగు నేర్పుతారు, అప్పుడు నవ్వడం ఆమె వంతు కూడా అవుతుంది. వారానికి రెండు రోజులు, అవే రోజులు, అదే గంట. ఆమె రాని రోజు పిల్లలు వాకిలి వంక చూసేటట్టు ఉండాలి.

మన ఊరి జబ్బు ఒకటుంది, తెల్లని పిల్ల కనబడగానే వేదిక మీద కుర్చీ వేసి శాలువా కప్పుతాం. దాన్నుంచి ఆమెను మీరే కాపాడాలి. విజయదశమి తరువాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి మీ వీధి కుర్రాళ్లు భక్తులకు మంచినీళ్లు, మజ్జిగ అందిస్తుంటే వారి మధ్య ఆమె చేతికి ఒక జగ్గు ఇవ్వండి. జనం తాకిడి ఎక్కువ కాబట్టి మీరో, మీ వారో పక్కనే ఉండండి. బడి పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేనిదే తన ఫోనులోంచి బయటకు పంపకూడదని మాత్రం మొదటి రోజే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. ఇలాంటి కార్యక్రమానికి దరఖాస్తు చేయాలని ఉంది. ముందే సేవ చేసి ఉండాలా? మా ఊళ్లో ఏ సంస్థా లేదు.
— ఒక విద్యార్థిని, ఇచ్ఛాపురం మండలం

జవాబు: సంస్థ అక్కరలేదమ్మా. సర్టిఫికెట్ల దొంతర కంటే, ఒకే పనిని ఏడాది పాటు విడవకుండా చేసి దాని గురించి తడుముకోకుండా మాట్లాడగలగడం ఇంటర్వ్యూలో ఎక్కువ పనికి వస్తుంది. మీ మండలంలోనే తేలుకుంచి ఉంది. తొలకరితో కొంగలు వచ్చి ఊరి మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి, అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివారు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. గాలివానకు గూటి నుంచి జారిపడిన పిల్లలను కుక్కల బారిన పడకుండా చూసి అటవీశాఖ వారికి కబురు చేయడం, ఎన్ని గూళ్లు ఉన్నాయో వారం వారం దూరం నుంచే లెక్కపెట్టి నోటుపుస్తకంలో తేదీతో సహా రాయడం నువ్వు ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టవచ్చు. మీ అమ్మానాన్నలకు చెప్పి, తోడుగా ఒక స్నేహితురాలిని తీసుకుని వెళ్లు. దరఖాస్తులో ఆ నోటుపుస్తకం సంగతే రాయి. అయితే అందరూ అంటున్నారు కదా అని వాటిని సైబీరియా పక్షులని రాయకు. ముక్కు మధ్యలో సందు ఉండి నత్తలను ఏరుకుతినే ఆ ఓపెన్‌బిల్ కొంగలు మన దేశపువే.